కిటికీ కింద కర్ర

పొద్దున్నే రేడియోలో చెప్పారు.
చేపల ధరకీ, హంబర్ నది మీద పొగమంచుకీ మధ్య
నీ పేరు.
బ్రోకల్‌బ్యాంక్ అనడం రాక ఆ అమ్మాయి
ఒక అక్షరం మింగేసింది.
టీ కప్పు పట్టుకుని
ఆ అక్షరం కోసం కాసేపు నిలబడ్డాను.

తర్వాత మీ పాట వేశారు.
ముక్తాయింపు రాకముందే కోసేసి
వాన పడుతుందన్నారు.
మిగిలింది నా వేళ్ళు బల్ల మీద పూర్తిచేశాయి.
కీళ్ళనొప్పుల వేళ్ళు,
నీకన్నా ఆలస్యంగా.

డెబ్భై ఎనిమిదిలో, గ్రిమ్స్‌బీ రేవు వెనక
నావికుల హాల్లో, గోడలకి చెమట కారుతున్న రాత్రి,
నీ చేతిలో విరిగిన కర్ర
గాల్లో మూడు పల్టీలు కొట్టి
నా ముఖాన తగిలింది.
కనుబొమ మీద ఈ గాటు అదే.
పెళ్ళిఫొటో కోసం పౌడరద్ది దాచారు,
నేను వద్దంటున్నా వినకుండా.

అందరూ పాడేవాణ్ణి ప్రేమించారు.
డోరీన్ అయితే గిటారువాడి కోసం
చేపల లారీ ఎక్కి లీడ్స్ దాకా పోయింది.
నాకు మాత్రం వెనకాల,
ఇత్తడి పళ్ళేల చాటున
సగం ముఖంతో కూర్చున్న నువ్వే.
ఏ పోస్టరులోనూ నీ ఎడమ చెవి నాకు కనబడలేదు.

ఒంటరిగా వాయించమని లీడ్స్‌లో జనం గోలపెడితే
కర్రలు ఒళ్ళో పెట్టుకుని
మంచినీళ్ళు తాగావట.
డోరీన్ నీవైపు చూసింది ఆ ఒక్కసారే.

కెల్విన్ అనేవాడు:
"వీడు దరువు ఆలస్యంగా వేస్తాడే.
వెంట్రుకవాసి. ఇదిగో, ఇక్కడ విను."
రైల్వేలో పని అతనిది,
ఆలస్యమంటే ఒళ్ళుమంట.
అవును, ఆలస్యమే.
ఆ వెంట్రుకవాసి సందులోనే కదా
మేం ఊపిరి తీసుకున్నది.
మోచేతులదాకా మంచుగడ్డలైపోయి
కాడ్ చేపల పొట్టలు చీలుస్తూ
పన్నెండుమంది ఆడవాళ్ళం
నీ దరువు మీదే కత్తులు ఆడించాం.
ఫోర్‌మన్‌కి ఆ సంగతి తెలీదు.
గంటకి ఎన్ని పెట్టెలో, అంతే తెలుసు.

నీ కర్రని నేను అద్దాల పెట్టెలో పెట్టలేదు.
దాంతో పెయింటు కలిపాను.
టమాటా మొక్కకి ఊతమిచ్చాను.
కెల్విన్ కాలు విరిగినప్పుడు
కట్టు లోపల దురదపెడితే
దాంతోనే గోక్కున్నాడు, నిన్ను తిడుతూ.
చివరికి వంటింటి కిటికీ తాడు తెగితే
ఎత్తిన చట్రం కింద నిలబెట్టాను.
పంతొమ్మిదేళ్ళు మోసింది.
కెల్విన్ పోయిన వేసవిలోనూ
ఆ సందులోంచే కాస్త గాలి వచ్చింది.

మధ్యాహ్నం డోరీన్ ఫోన్ చేసి ఏడ్చింది.
గిటారువాడు బతికే ఉన్నాడుగా, నీకేమిటే అన్నాను.
ఇద్దరం నవ్వాం.
తర్వాత ఎవరం ఫోన్ పెట్టెయ్యలేదు.
వాళ్ళింటి గడియారం నాకు వినబడుతోంది.

ఎప్పుడూ ఒకింత వెనకగా వచ్చేవాడివి.
అరవై తొమ్మిదేమిటయ్యా!
ఆ పాత అలవాటు
ఇక్కడేనా గుర్తుండొద్దూ?

సాయంత్రం కర్ర తీశాను.
తియ్యాలనుకుని కాదు.
నీ వేళ్ళు పట్టిన చోట
ఇంకా నున్నగా ఉందో లేదో చూద్దామని.
కిటికీ సంగతే మరిచిపోయాను.

వెంట్రుకవాసి ఆగి
పడింది.

గూట్లో కప్పులు, చెంచాలు, మూకుడు మీద మూత
అన్నీ ఒక్కసారి మాట్లాడి ఊరుకున్నాయి.
అద్దం పగల్లేదు.
పక్కింటి కుక్క మొరిగింది.
గోడ అవతలనించి మిసెస్ ఒస్గార్బీ
ఏమైందని కేకేసింది.
ఏంలేదు, డ్రమ్ములు, అన్నాను.

వేపుడు పొగ బయటికి పోవడం లేదు.
కళ్ళు మండుతున్నాయి, దానికే అనుకుంటా.
కర్ర ఒళ్ళో ఉంది.
లేచి మళ్ళీ పెట్టాలి.
పెడతాను,
ఇంకాసేపాగి.