మార్జిన్

బేస్‌మెంట్‌లో, పాత రికార్డుల గది పక్కన
మా మిషను.
ఒక గుండె పోయడానికి దానికి
పదకొండు గంటలు పడుతుంది.
తల్లి కడుపులో అదే గుండెకు కొన్ని వారాలు పట్టింది,
ఆ వారాల్లోనే ఎక్కడో ఒక మలుపు తప్పింది.

ముందు నా పని.
సీటీ పలకలు నాలుగు వందల చిల్లర,
అన్నీ బూడిద రంగే, ముసురు పట్టిన హుస్సేన్ సాగర్‌లా.
ఒక్కో పలక మీదా మౌస్ ఆనించి తేల్చాలి:
ఇది గోడ. ఇది నెత్తురు.
ఇది?
ఈ చుక్క?
రాత్రి రెండింటికి పంజాగుట్ట వైపు లారీ పోతే
టేబుల్ మీద టీ వణుకుతుంది.
నేను గోడ అన్నదాన్ని మిషను గోడగానే పోస్తుంది.
ఎదురు చెప్పదు. అదే నా భయం.

పేరు రాయకూడదు, నంబరే. కానీ నాకు తెలుసు:
మనస్వి, పదకొండు నెలలు, వారాసిగూడ.
ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు.
రెండు పెద్ద నాళాలూ కుడి గదిలోంచే బయల్దేరాయి,
ఎడమ గదికి బయటి దారే లేదు
నడిమి గోడలో ఒక కన్నం తప్ప.
ఆ కన్నమే లోపం.
ఇన్నాళ్లూ బతికించిందీ ఆ కన్నమే.

పొద్దున ఆరింటికి జిగురు కడిగి, ఆసరా పుల్లలు తుంచి,
చిన్న బ్రష్‌తో సందులు తోమి
అరచేతిలో పెట్టుకున్నాను.
తేనెరంగు. మెత్తన. చల్లన.
నిమ్మకాయకంటే కాస్త పెద్దది.
కవాటాల సన్నటి రెక్కలు ఇందులో లేవు,
స్కానుకి అందలేదు, నేను గీయలేదు.
ఊహించి గీయడం నాకు రాదు. రాకూడదు.

డాక్టర్ తస్నీమ్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి
ముందు గోడ మూతలా తీసి
బావిలో పడ్డ చెంబును వెతికినట్టు లోపలికి చూసింది.
పాత గ్లవ్‌లోంచి ముక్క కత్తిరించి
కన్నం నుంచి మహాధమని దాకా
లోపల్లోపలే ఒక సొరంగం కుట్టింది.
విప్పింది. మళ్లీ కత్తిరించింది.
మూడోసారికి గాని తల ఊపలేదు.
"నీ దగ్గర తప్పు చేస్తే ఏం కాదు కదా" అంది,
నాతో కాదు, ఆ బొమ్మతో.

తర్వాత పిల్ల అమ్మానాన్నల్ని పిలిచారు.
రజిత బొమ్మను ముట్టుకోలేదు.
ఓదెలు టైలరు. మెడలో టేపు తియ్యడం మరచి వచ్చాడు.
రెండు చేతులా అందుకుని, లోపలి కుట్టును గోటితో తడిమి,
తిరగేసి, మళ్లీ తిరగేసి,
చాలాసేపటికి అడిగాడు:
"మార్జిన్ ఎంత ఇడుస్తరు మేడం?
పెరిగే పిల్ల గదా.
మేమైతె లంగాకు లోపట రెండించులు మడిచి కుడ్తం."

ఎవరం నవ్వలేదు.
తస్నీమ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని
కాగితం మీద సొరంగం మళ్లీ గీసింది, కొంచెం వెడల్పుగా.
"ఒక పక్క పిల్ల గోడే ఉంటది, అది పిల్లతోని పెరుగుతది.
నేనేసే గుడ్డ పెరగదు."
"గుడ్డ పెరగదు" అన్నాడతను మెల్లగా,
చాలామంది పిల్లల్ని కొలిచిన మనిషిలా.

బుధవారం. ఆరు గంటలు.
కడిగిన తొట్టినే మళ్లీ కడిగాను.
ఇంటర్‌కమ్‌లో ఆమె గొంతు, అలసటతో:
"కన్నం నువ్వు గీసినదానికంటే రెండు మిల్లీమీటర్లు పైకుంది.
గుడ్డ సరిపోయింది."
రెండు మిల్లీమీటర్లు.
ఏ పలక? ఏ చుక్క?
ఇప్పటికీ వెతుకుతున్నాను.

దసరాకు ముందు జాకెట్టు గుడ్డ పట్టుకుని
వారాసిగూడ వెళ్లాను.
కుట్టించుకోడానికే వచ్చాననుకున్నాడు. నేనూ అదే అన్నాను.
కుట్టుమిషను కింద పిల్ల దారం రీళ్లు దొర్లిస్తోంది.
ఒకటి చేజారి ఏడ్చింది.
నేను పెదాలే చూశాను.

ఇంటికి తెచ్చాక తిరగేస్తే
పక్క కుట్ల లోపల రెండు వేళ్ల బట్ట మడిచి ఉంది.
నాకు ముప్పై ఎనిమిది.
ఇంకెక్కడ పెరుగుతాను?
కత్తిరించలేదు.
ఇవాళ డ్యూటీకి అదే తొడుక్కొచ్చాను,
చంక కింద కాస్త గుచ్చుకుంటోంది.