పదకొండు డాలర్లు

ఉదయం ఏడింటికి గేటు గది తలుపు తీసేసరికి
సరస్సు లేదు.
నిన్న సాయంత్రం దాకా ఇక్కడే ఉంది,
అంత పెద్దది, అవతలి గట్టు కనపడనిది.
కొండ కూడా సగమే మిగిలింది.
తక్కిన సగాన్ని పొగమంచు నమిలేసింది.

రోజు టికెట్టు పదకొండు డాలర్లు,
గుడారం వేస్తే ఇంకో ఇరవై రెండు.
ఏం కనిపిస్తుందన్నది రసీదులో రాయం.

టోయివో చీపురుకర్ర మీద గడ్డం ఆనించి అన్నాడు:
"చెప్పెయ్ వాళ్ళకి, ఇవాళ చూడ్డానికేమీ లేదని."
పొద్దుట్నించీ చెబుతూనే ఉన్నాను.
పడవని కారు నెత్తిన కట్టుకొచ్చిన కుర్రాళ్ళు,
కుక్కకి రెయిన్‌కోటు తొడిగిన ముసలాయన,
నలుగురు పిల్లల్నీ ఒక్క దుప్పటినీ తెచ్చిన తల్లి,
ఎవరూ వెనక్కి తిరగరు.
ఇంత దూరం వచ్చాక, అంటారు.

పదకొండు దాటాక వాళ్ళొచ్చారు.
ఒహాయో నంబరు పలక, తొమ్మిది గంటల దారి,
అద్దం నిండా చచ్చిన పురుగులు.
ఆయన పేరు లీలండ్, కార్డు మీద చదివాను.
ఆమె ఓడెట్ అని ఆయన పిలుపుల్లో తెలిసింది,
మూడుసార్లు పిలిచాడు,
మూడుసార్లూ గడియారం చూస్తూ.

గంటకి ఆయనొక్కడే దిగొచ్చాడు.
"కొండ కొసన నిలబడ్డాను. నా బూట్లు కనిపించాయి. అంతే.
బూట్లు ఇంట్లో చూసుకోలేనా?"
డబ్బు వాపసు ఇమ్మన్నాడు.

నిబంధనల పుస్తకం తీశాను.
వాన గురించి ఉంది, ఎలుగుబంటి గురించి ఉంది,
కారు మీద చెట్టు పడితే ఏం చెయ్యాలో రెండు పేజీలుంది.
పొగమంచు గురించి లేదు.
ఆయన వేళ్ళు బల్ల మీద దరువేస్తున్నాయి,
నా వేళ్ళు కాగితాలు తిప్పుతున్నాయి,
అప్పుడు గాలి మళ్ళింది.

గాలి మళ్ళితే నా మెడకి తెలుస్తుంది,
ఈ కిటికీలో పద్నాలుగు వేసవులు కూచున్న మెడ.
ముందు పైన్ చెట్ల కొసలు,
ఆ వెనక ఎర్రరాతి చరియ,
ఆపైన సుపీరియర్ మొత్తం ఒక్కసారిగా,
ఎవరో నీలిమందులో ముంచి
అప్పుడే పరిచినట్టు.

ఆయన వీపు అటు ఉంది.
వెనక్కి తిరగండి. రెండే మాటలు.
అనలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.
వంగి ఫారం నింపుతున్నాడు పెద్దక్షరాల్లో,
"కారణం" అన్న చోట: దృశ్యం లేదు.

నాలుగు నిమిషాలేమో.
పాలమీగడ కట్టుకున్నట్టు మళ్ళీ అంతా తెల్లగా.

ఓడెట్ దిగొచ్చింది.
చేతిలో ఒలిచిన కోడిగుడ్డు, సగం కొరికింది,
తక్కిన సగం ఉందన్న సంగతే మరిచినట్టు పట్టుకుంది.
ముంగురుల నిండా నీటిచుక్కలు.
"ఏమైనా కనబడిందా?" తలెత్తకుండానే అడిగాడు.
ఆమె నా వంక చూసింది.
నేను పుస్తకం మూశాను.
"బూట్లు," అంది.

గుడ్డు అక్కడే, ఆయన ఫారం మీద పెట్టి,
సంచీ తెరిచి ఇరవై రెండు డాలర్లు లెక్కపెట్టింది.
"రాత్రికి చోటుందా?"
"మనకి గుడారం ఎక్కడిది?" అన్నాడు లీలండ్.
"డిక్కీలో. ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాం."

పంతొమ్మిదో నంబరు ఇచ్చాను,
కొళాయికి దూరం, గట్టుకి దగ్గర.
తడవని కట్టెల మోపు ఏరి ఇచ్చాను.
తిండి కారులో దాచుకోండి,
ఇక్కడి రకూన్లకి జిప్పులు తీయడం వచ్చు, అన్నాను.

రాత్రి టార్చి పట్టుకుని ఒక చుట్టు తిరిగితే
ఆయన గుడారం కర్రతో కుస్తీ పడుతున్నాడు,
తిట్టడం లేదు, అదే వింత.
ఆమె మోకాళ్ళ మీద వంగి నిప్పు ఊదుతోంది.
"రేపు తేటపడుతుందా?" కేకేసి అడిగాడు.
నాకేం తెలుసు, అన్నాను.
ఓడెట్ పొగలోకి నవ్వింది.

ఆ ఫారం నా సొరుగులోనే ఉంది.
సంతకం చోటు ఖాళీ,
"దృశ్యం లేదు" మీద
పచ్చసొన మరక.