జీడి గుర్తు

మా నాన్నకి అక్షరం రాదు గానీ
కాశీబుగ్గ అంతటి బట్టలూ చదివేవాడు.
అంచు లోపల నల్లజీడి చుక్కలు.
రెండు చుక్కలు, అడ్డగీత: రైసుమిల్లు వైకుంఠరావుగారిది.
కొక్కెం, దానికింద చుక్క: స్టేషను మాస్టరుది.
బట్ట చినిగి పీలికలైనా
ఆ గుర్తు మాత్రం పోయేది కాదు.

నా గుర్తు నాకు కనబడ్డానికి
ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది.
బ్యాంకులో కంప్యూటరు నావైపు తిప్పి
యామిని మేడమ్ వేలు పెట్టి చూపించింది:
అయిదువందల అరవై రెండు.
పక్కన ఇంగ్లీషులో ఒక్క మాట. సెటిల్డ్.

"సెటిలైపోయిందంటే మంచిదే కదమ్మా" అన్నాను.
ఉద్యోగమొచ్చి పెళ్లైన కుర్రాణ్ణి
సెటిలయ్యాడనే కదా అంటాం.
ఆవిడ నవ్వలేదు.
"ఇవ్వాల్సింది మీరు పూర్తిగా ఇవ్వలేదు,
వాళ్లు విసిగి వదిలేశారు.
దానర్థం అదీ, ఢిల్లేశ్వర్రావుగారూ."

నిజమే.
తిత్లీ వచ్చిన రాత్రి షెడ్డు రేకులు ఎగిరిపోయి
కొత్త వాషింగు మిషను బురదలో బోర్లా పడింది.
మిషను పోయింది గానీ వాయిదా పోలేదు.
కార్డుతో వాయిదా కట్టాను,
ఇంకో కార్డుతో ఆ కార్డు కట్టాను,
ఆ తర్వాత కరోనా, పెళ్లిళ్లు లేని వేసవి.
ఫోన్లో రోజుకో గొంతు.
ఆఖరికి ఒక గొంతు మెత్తగా
"సగం కట్టెయ్యండి, మర్చిపోదాం" అంది.
బాయిలరూ రెండో ఇస్త్రీ బల్లా అమ్మి కట్టీసేను.
మర్చిపోయింది నేనొక్కణ్ణే.

ఇదంతా తెలియక మునుపు
ఒకే వారంలో నాలుగుచోట్ల కార్డుకి పెట్టాను.
ఒకటి విమానాశ్రయంలో ఉచితంగా భోజనం పెడుతుందట,
నాకు తెలిసింది పలాస ప్లాట్‌ఫారం మీద పకోడీ.
ఒకటి పెట్రోలుకి పాయింట్లు ఇస్తుంది; నాది సైకిలు.
ఒకటి జీవితాంతం ఉచితం;
దాని జీవితమా నాదా అన్నది రాయలేదు.
నాలుగోది ఎందుకు పెట్టానో నాకే తెలీదు,
మూడూ కాదన్నాయన్న రోషం కాబోలు.
అదీ కాదంది.
అడిగినందుకే నాలుగు మచ్చలు పడ్డాయని
మేడమ్ వాటినీ చూపించింది.

అప్పుడు వినబడింది మా నాన్న గొంతు,
వరహాల గెడ్డ ఒడ్డు మీంచి:
"ఒరే గుంటడా, మరకని రుద్దకు.
రుద్దితే గుడ్డ పోద్ది గానీ మరక పోదు.
నానబెట్టు.
నానబెట్టీసి నీ పని నువ్వు సూసుకో."

పదిహేను వేలు డిపాజిట్టు వేశాను.
దాని మీద పన్నెండు వేల కార్డు ఇచ్చారు.
నా డబ్బే నాకు అప్పు.
మా దమయంతి రెండుసార్లు చెప్పించుకుని
"మరైతే ఆళ్లు ఇచ్చిందేటి?" అంది.
ఆలోచించాను.
"నమ్మడానికి ఒక సాకు" అన్నాను.

నెలకి మూడు వేలు దాటి గీకను.
కరెంటు బిల్లు, సబ్బుపొడి, గంజిపొడి.
గడువు పదో తారీఖు, ఆరునే కట్టేస్తాను.
ఒక నెల మాత్రం, ఎందుకు దాచాలి,
మా పెద్దగుంటకి ఫోను కొనబోయి
షాపులో కార్డు బయటికి తీసి
మళ్లీ జేబులో పెట్టుకున్నాను.
అది మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
ఆ మూడు రోజులూ ఏ రిపోర్టులోనూ పడవు.

పదమూడో నెల. ఆరువందల నలభై ఒకటి.
"సెటిల్డ్ అనేది ఇంకా పోలేదేటమ్మా?"
"కొన్నేళ్లుంటుంది. మిగతా సగం కడితే
మార్పించుకోవచ్చు."
మిగతా సగం అంటే ముప్పై ఒక్క వెయ్యి.
లెక్క కుదరక
సైకిలెక్కడం మర్చిపోయి
ఇంటిదాకా తోసుకుంటూనే వచ్చాను.

సాయంత్రం ఒక పెద్దాయన పాత పట్టుపంచె తెచ్చాడు.
అంచు మడత విప్పితే లోపల
రెండు చుక్కలు, అడ్డగీత.
నాన్న పోయి పద్నాలుగేళ్లు.
వైకుంఠరావుగారి కొడుకట, మిల్లు ఇప్పుడు లేదట.
"ఆ మరక పోద్దేటి?" అని అడిగాడు.

"అది మరక కాదండీ" అన్నాను,
"ఎవరిది వాళ్లకి చేరాలని పెట్టిన గుర్తు."
అనేసి, ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని
కాసేపు నిలబడి,
పంచెని నీళ్లలో వేశాను.