తిరుగు ట్రిప్పు

చేబ్రోలు దాటాక ఎడంచేతికి దిగితే
లారీ టైర్ల గాడి ఇంకా అలాగే ఉంది.
ఆ గాడి నాదే.
నాకప్పుడు ఇరవై రెండేళ్లు.
రాత్రి పదకొండు దాటాక, లైట్లు ఆర్పి,
తెల్లారేలోగా ఏడు ట్రిప్పులు.

పైన జానెడు మట్టి ఉండేది.
"ఆ దుమ్ము గీకి అవతల పారెయ్" అన్నాడు కంట్రాక్టరు.
మాకు కావాల్సింది దాని కిందది,
ఎర్రగా, గట్టిగా, అమ్ముడుపోయేది.
ఆ జానెడూ ఇటుకబట్టీ వాళ్లు ఎత్తుకుపోయారు
డీజిల్ ఖర్చుకే.

ఈ నేల చిరునామాలన్నీ నాకు తెలుసు.
విద్యానగర్‌లో ఒక అపార్ట్‌మెంటు పునాది కింద
సుబ్బాయమ్మ దోసపాదు పడుకుని ఉంది.
బైపాసు వంపులో, తారు కింద,
మేకలు మేసిన గట్టు.
మా ఇంటి అరుగు కిందా, అబద్ధమెందుకు,
రెండు ట్రిప్పులున్నాయి. ఊరికే వచ్చినవి.

గొయ్యి మిగిలింది. ముప్పై అడుగులు.
వానకి నీళ్లు నిలిచి పచ్చగా, చూడ్డానికి బాగుండేది.
దీవెనమ్మ మనవడు ఈతకి దిగాడు.
ఆ రోజు నా బండి పెదకాకాని షెడ్డులో ఉంది.
ఎవరూ అడక్కుండానే
ఆ మాట అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

దీవెనమ్మ గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది.
ఏడాది తిరిగాక ఇంటికొచ్చి, కూర్చోకుండానే,
"ట్రాక్టరు కొన్నావంటగా.
యార్డు తొడిమలు తోలు. ఆ గోతి గట్టుకి."
అంతే. ఎందుకో చెప్పలేదు.
అడిగే ముఖం నాకూ లేదు.

తోలాను. తుమ్ముతూ తోలాను.
నిటారు గట్టుని పంచాయతీ జేసీబీ నాలుగు రోజులు వాలు చేసింది.
కొమ్మమూరు కాలవ పూడిక తెచ్చి పరిచాం.
మంద కట్టడానికి అంకాలు బేరమాడాడు:
రాత్రికి వెయ్యి, తనకి అన్నం, కుక్కకి వేరే.
మూడొందల గొర్రెలు,
పడుకోవడమే వాటి పని.
తెల్లారి అవి లేచిన చోట
నేల కొంచెం వెచ్చగా ఉండేది.

మొదటి ఏడు జనుము చల్లితే
చాపంత మేర మొలిచింది.
మిగతాదంతా ఎర్రగా, అట్లాగే.
శ్రావణంలో ఒక్క వాన,
మా పూడికంతా జారి గోతి అడుక్కి.
అంకాలు చుట్ట వెలిగించి చాలాసేపు చూశాడు.
"కొండకైనా పంచె కట్టాలి, నిలవాలంటే" అన్నాడు.
అప్పుడు మిర్చికట్టె మోపులు వాలుకి అడ్డంగా పేర్చాం,
వరసకి వరస, మేకులు కొట్టి.

రెండో ఏడు ఉలవలు.
ఉలవకి సిగ్గు లేదు, ఎక్కడైనా వస్తుంది.
భూసార పరీక్ష కాగితంలో కర్బనం
సున్నా పాయింట్ ఒకటి నుంచి
సున్నా పాయింట్ రెండుకి వచ్చింది.
వ్యవసాయ శాఖ కుర్రాడు చెయ్యి కలిపాడు.
పెళ్లి సంబంధం కుదిరినట్టు.

మూడో ఏడు
ఎవరూ చల్లని వెంపలి వచ్చింది.
గరిక వచ్చింది, పిలవకుండానే, అంచుల్నించి.
ఒక పొద్దున పెళ్ల తిప్పితే
వానపాము.
చెబుదామని పరిగెత్తాను.
దీవెనమ్మ అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని
పుల్లతో లోతు కొలుస్తోంది.
చూపుడువేలు చాపి గోటి దగ్గర గుర్తు పెట్టింది:
"ఇంత."

జానెడు కావాలంటే ఎన్నేళ్లో
నేను లెక్క వెయ్యలేదు.
తీసుకెళ్లిన ట్రిప్పులకి పుస్తకం లేదు.
తెచ్చినవి రాస్తున్నాను.
నిన్నటికి ఆరొందల పన్నెండు.

నిన్న రాత్రే
పక్క పొలంలో లైట్లు ఆర్పిన బండి చప్పుడు.
గేరు మార్చే దూకుడు వింటే
ఇరవై రెండేళ్లుంటాయి వాడికి.
గాడికి అడ్డంగా ట్రాక్టరు పెట్టి
లైట్లన్నీ వేసి కూర్చున్నాను.
వాడు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు.
దిగి వస్తున్నాడు.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
చేతులకి మిర్చి మంట అలాగే ఉంది,
కళ్లు తుడుచుకోవడానికి లేదు.