నిమిషానికి మూడు వేల చుట్లు

సిలికాన్ పలక మీద ఒక్క చుక్క.
మూత వేసి మీట నొక్కుతాను.
గుయ్యిమంటూ తిరుగుతుంది
నిమిషానికి మూడు వేల చుట్లు.
పోసినదంతా గిన్నె గోడలకి చిమ్మేసి
పట్టు వదలనిదాన్ని మాత్రం ఉంచుకుంటుంది పలక.

ఆ మిగిలిందే నా పీహెచ్‌డీ.
మందం తొంభై ఎనిమిది నానోమీటర్లు.
తల వెంట్రుకని నిలువునా
ఎనిమిది వందల పొరలుగా చీల్చగలిగితే
అందులో ఒకటి.
మాత్రలో చేదుని నాలుక దాకా రానివ్వనిదీ,
మస్తాన్‌వలి గారి ఫోను మీద గీతలు పడనివ్వనిదీ,
మిరప చేలో కలుపుని కప్పెట్టే నల్ల షీటూ
దీనికి దూరపు చుట్టాలే.

మందం కొలిచే యంత్రం బాగుపడాలంటే
హైదరాబాదు నుంచి మనిషి రావాలి.
అందాకా రంగే కొలబద్ద.
తేనె రంగైతే పలచన.
వంకాయ రంగైతే కుదిరినట్టు.
నీలం తిరిగిందా, చెయ్యి జారినట్టే.
పొరకి సొంత రంగేం లేదు, మంచినీళ్లకున్నంతే.
పైన తగిలి వెనక్కొచ్చిన వెలుగూ
అడుగంటా వెళ్లి వెనక్కొచ్చిన వెలుగూ
దారిలో ఎదురుపడి, ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటే
మిగిలిన బాకీ అది.

ఏప్రిల్లో ఒక మంగళవారం
పొర మధ్యలో తోకచుక్క మొలిచింది.
కంటికి ఆనని నలుసు,
దాని వెనక అంచు దాకా ఒక గీత.
సూక్ష్మదర్శినిలోంచి తలెత్తకుండానే
"ఎర్రగా ఉందేంటమ్మా?" అన్నారు సారు.
మస్తాన్‌వలి గారు ఫిల్టర్లు విప్పి దులిపారు.
కిటికీ సందులకి కొత్త టేపు అంటించారు.
"గుంటూరు గాలి సార్" అని
నేరం గాలి మీదకి తోసేశారు.

నేను మాట్లాడలేదు.
మా ఇంట్లో ఒకటే దండెం.
నా చున్నీ పక్కనే ఆరుతుంది
మా అమ్మ మిర్చి యార్డుకి కట్టుకెళ్లే చీర.
ఎన్ని నీళ్లలో జాడించినా సరే
అది విదిలిస్తే వీధి చివర కుక్క తుమ్ముతుంది.

పాడైన పలకని పారెయ్యలేదు.
డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను.

రాత్రి, తొడిమలు తీస్తున్న అమ్మ ముందు పెట్టి
"ఊదు" అన్నాను.
ఊదింది.
వంకాయ రంగు కదిలి నీలమైంది,
ఒక్క క్షణం నిలబడి
అంచుల నుంచి మళ్లీ వంకాయలోకి ఇంకిపోయింది.

"నీ ఊపిర్లో తడి తాగి ఉబ్బిందమ్మా.
లోపలంతా చిక్కుపడ్డ గొలుసులు, జడ విప్పనట్టు.
నీళ్లు దూరితే వదులవుతాయి, ఆరితే బిగుస్తాయి.
ఇలాంటి ముక్క ఒకటి టిక్కీలో పెట్టి
కోల్డ్ స్టోరేజీకి పంపామనుకో,
కాయలో చెమ్మెంతో, బూజెప్పుడు పడుద్దో
సంచి విప్పకుండానే..."

అమ్మ కుప్పలోంచి ఒక కాయ తీసి
నా చెవి దగ్గర ఆడించింది. గలగల.
"ఇది ఆరింది."
ఇంకోటి ఆడించింది. నాకేం వినపడలా.
"దీనికింకా మూడెండలు కావాలి."

నేను నవ్వాను. తను నవ్వలేదు.
పలకని అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తింది.
నేను నేర్పలేదు, ఎలా తెలుసో.

"మొన్న ముప్పాళ్ల నుంచొచ్చినాయన కాయ
ఇట్టాగే గలగలలాడింది.
కొనేవాడు సంచిలో చెయ్యి పెట్టి, తడుందన్నాడు.
క్వింటాకి తొమ్మిదొందలు ఎగిరిపోయినయ్.
ఇది నిజం చెప్పుద్దా?"

"చెప్తుంది."

"ఎవరికి చెప్పుద్దీ?"

నా థీసిస్‌లో
ఉబ్బడానికి సమీకరణం ఉంది.
ఆరడానికి పట్టే సెకన్లకి గ్రాఫు ఉంది.
సారుని అడిగితే, అది మన విభాగం కాదంటారు.

ఇంతలో కరెంటు పోయింది.
చీకట్లో అమ్మ మళ్లీ ఊదిన చప్పుడు.
రంగు సంగతి తెలీదు.
పొర మాత్రం ఉబ్బే ఉంటుంది.