కొక్కెం ఉన్న గ

ముప్పై మూడులో పైనుంచి కాగితం వచ్చింది:
అక్షరమాలలో ఒకటి తగ్గింది.
తల కొసన చిన్న కొక్కెంతో నిలబడే గ
ఇక మనది కాదు,
హ ఉందిగా, సరిపెట్టుకోండి.

హద్యాచ్ అచ్చాఫీసులో నాకప్పుడు పదిహేడేళ్లు.
అరలోంచి ఆ అక్షరాలన్నీ దోసిళ్లతో ఎత్తి
కరిగించే మూకుడులో పోశాను.
చప్పుడేం కాలేదు.

ప్రూఫుల బల్ల దగ్గర హాఫియా ద్రెబోత్,
ఎర్ర పెన్సిలు, మోచేతుల దగ్గర మాసికల కోటు.
పాత అలవాటున ఎవరైనా రాస్తే
కొక్కెం కొట్టేయడం ఆవిడ ఉద్యోగం.
గుద్జిక్, అంటే గుండీ. కొట్టేసింది.
గ్నీత్, దీపంలో వత్తి. కొట్టేసింది.
గానొక్, వాకిట మెట్లు.
గావా, ఆ మెట్ల మీద వాలే కాకి.

ఆ ఏడు అచ్చుకు నోచుకోనిది అదొక్కటే కాదు,
ఆకలి అన్న మాటా అంతే.
పంట విరగకాసిందని పేర్చాను
రెండు రోజులుగా ఏమీ తినని వేళ్లతో.

"ఒమెల్కో, ఒక్కటైనా మిగిలిందా?"
బూటులోంచి తీసి ఇచ్చాను.
కోటు అస్తరులో పెట్టి కుట్టేసుకుంది.

తర్వాత మూడు పుస్తకాలు రాసింది,
చక్కెర దుంపలు తవ్వే ఆడవాళ్లవి,
రాత్రి రైళ్లకు లాంతరు ఊపే విధవవి.
మూడూ నేనే పేర్చాను, హ తోనే.
నాలుగోదానికి అచ్చు దొరకలేదు.
అందులో ఒక ముసలామె వాకిట మెట్ల మీద
గుండీ కుట్టుకుంటుంది. కాకి చూస్తుంటుంది.
వత్తి తగ్గుతుంటుంది. ఇంకేమీ జరగదు.
ప్రతి వాక్యంలోనూ కొక్కెం.
కొంచెం మార్చొచ్చుగా అన్నాను.
"వత్తి అని రాస్తే వత్తే వెలగాలి" అంది,
నా మీద విసుగ్గా.

తొంభైలో అక్షరం తిరిగొచ్చింది.
ఆవిడకి డెబ్బై తొమ్మిది, నాకు మోకాళ్ల నొప్పులు.
బడివాళ్లు పిలిస్తే ఇద్దరం వెళ్లాం.
యారెమా అనే పిల్లాడు నాలుక బయటపెట్టి
బల్ల మీద సుద్దతో రాశాడు,
తిరగేసి, కొక్కెం ఎడమకి,
అచ్చం సీసంలో అది ఉండే తీరున.

ఆవిడ చెయ్యి జేబులోకి పోయింది.
నలభై ఏళ్లు దిద్దిన చెయ్యి.
ఖాళీగా బయటికొచ్చింది.
"ఇంకొకటి రాయి" అంది.

దారిలో అడిగాను, ఆ ముక్క ఏదని.
ఏ కోటులో కుట్టానో, అంది,
యుద్ధంలో ఎవరికో ఇచ్చేశాననుకుంటా,
చలిగా ఉందంటే.