మెడ కింద చెయ్యి

గురువారం సాయంత్రం ఆరింటికి
పూల్ టేబుల్ మీద ప్లైవుడ్ పలక వేసి
పలక మీద తువ్వాలు పరిచి
యూత్ క్లబ్బుని పురిటిగది చేస్తాను.

గ్రిమ్స్‌బీ గాలికి చేపవాసన.
కాకినాడవాణ్ణి, నాకది కొత్త కాదు.
పిల్లలు, అదే, తండ్రులు,
చేపల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వస్తారు.
చేతులు మూడుసార్లు కడుక్కుంటారు
కడిగి, ముక్కు దగ్గర పెట్టుకు చూసుకుంటారు.

కోరీకి పందొమ్మిది. డేల్‌కి ఇరవై నిండలేదు.
రీస్‌వి ఇంకా నూనూగు మీసాలు,
కూతురికి ఐదో నెల.

మెడ నిలవని బొమ్మ ఒకటుంది నా దగ్గర
మూడు కిలోల ఇసుక, పైన రబ్బరు చర్మం.
దాన్నెత్తి చూపిస్తాను: ముందు మెడ కింద చెయ్యి,
తక్కినదంతా ఆ తర్వాతే.

మా వైపు పీట మీద కూర్చుని
కాళ్ళు బారజాపి
కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోస్తారు.
ఆ కాళ్ళెప్పుడూ ఆడవాళ్ళవే.
నా కూతుర్ని ఆర్నెల్లదాకా ఎత్తుకోలేదు నేను.
భయమన్నాను, పనులన్నాను.
మగాడు, వాడికేం తెలుసులే అని నవ్వేశారు.
ఆ నవ్వుతోనే నాకు సెలవు దొరికింది.

ఇక్కడ వీళ్ళకి సెలవు ఎవరూ ఇవ్వరు,
రమ్మని కూడా ఎవరూ పిలవరు.

ఇంటికొచ్చిన నర్సు
తల్లితోనే మాట్లాడిందట.
రీస్ కుర్చీ వేశాడు, టీ పెట్టాడు
బిడ్డ బరువు ఎంతుందో తనే ముందు చెప్పాడు.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అడిగిందట
'నువ్వు ఈమె తమ్ముడివా?'

ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి లేరు.
కౌన్సిల్ వారి గదిలో
మూల కూర్చున్న ఒకామె రాసుకుంటూ ఉండగా
శనివారం పది నుంచి పన్నెండు దాకా మాత్రమే
మార్నీ అతని బిడ్డ.

'ఏం రాస్తుందంటావ్?' అని అడిగాడు బస్సులో.
నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ రాశాను:
తండ్రి తడబడ్డాడు.
తడబడితే తప్పేం లేదని రాయడానికి
ఆ కాగితంలో చోటుండదు.
'నీ సంచి సర్దావా?' అన్నాను, మాట మార్చి.
తెరిచి చూపించాడు.
రెండు గంటలకి పన్నెండు డైపర్లు.
ఒక్కటి కూడా తియ్యమనలేదు నేను.

తలుపు దాకే నాకు అనుమతి.
బయట గోడకానుకుని
వాన వస్తుందా రాదా అని చూస్తూ ఉన్నాను.

మళ్ళీ గురువారం చెప్పాడు.
ఏడుపు ఎంతకీ ఆపలేదట మార్నీ.
జోలపాటలేవీ రావు అతనికి
ఎవరు పాడారని?
మన జట్టు గోలు కొట్టినప్పుడు
స్టేడియమంతా పెట్టే కేక ఉంది చూడు,
దాన్నే బాగా నెమ్మది చేసి
ఒక చెవిలో పట్టేంత చిన్నది చేసి పాడాడట.
నిద్రపోయిందట.
మూలనున్నామె కలం ఆపిందట.
చెప్తున్నంతసేపూ నా వైపు చూడలేదు,
క్యూ కర్ర కొసకి సుద్ద రాస్తూనే ఉన్నాడు.
టేబుల్ మీద పలక ఉంది, తువ్వాలుంది,
ఆడేందుకక్కడేం లేదు.

మార్చి దాటితే డబ్బు రాకపోవచ్చు.
ఎంతమంది వచ్చారు, ఎంతమంది మెరుగయ్యారు,
లెక్క పంపమంటున్నారు.
కోరీ మూడు వారాలుగా రావడం లేదు
ఫోనెత్తడు.
వాళ్ళమ్మ తలుపు సందులోంచి
'లేడు' అంది, లోపల టీవీ మోగుతోంది.
అతన్ని ఏ లెక్కలో వెయ్యను?
డేల్ మాత్రం బొమ్మకి డైపరు
ఇవాళ కూడా వెనకా ముందూ చేసి తొడిగాడు,
తనే చూసుకుని, తనే తిట్టుకుని
తనే మార్చాడు. అదే రాశాను.

తొమ్మిదైంది. అందరూ వెళ్ళిపోయారు.
సగం దీపాలార్పి
బొమ్మని అలమరలో పెట్టబోయాను.
చూసేవాళ్ళెవరూ లేరు.
ఇసుకే కదా, రబ్బరే కదా.
అయినా చెయ్యి
ముందు మెడ కిందికే పోయింది,
ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా.